కాశీరత్నం ఏ ఊరిది?

ఈ ఉత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు కొంత సంకోచించాను. శాతవాహనులను గురించీ, కాకతీయులను గురించీ, రాయలవారిని గురించీ సాధికారంగా వ్రాయగల పెద్దలు మన మధ్య ఉన్నారు. నాది సాయంకాలపు తరగతిలో నల్లబల్ల చూసి నేర్చుకున్న తెలుగు. ముప్పై ఐదేళ్ళు బడిపిల్లలకు సైన్సు చెప్పిన దానిని. అందుచేత రాజుల జోలికి పోకుండా మా పెరటి కంచె మీద పాకే ఒక తీగ చరిత్ర వ్రాస్తాను. ఈ దేశంలో దానిని, దాని దాయాదులన్నిటినీ కలిపి మార్నింగ్ గ్లోరీ అంటారు. తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకునే పువ్వు గనుక ఆ పేరు వచ్చింది. తీగకు చరిత్ర ఏమిటి అనుకునే చదువరులు నాతో కొంత దూరం నడిచి చూడండి.

ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. మా తాతగారిది విశాఖపట్నం జిల్లా. 1920లలో ఒక కంగాణీ మాట విని మద్రాసు రేవులో ఓడ ఎక్కి పినాంగు రేవులో దిగారు. పేరాక్ రాష్ట్రంలో ఒక రబ్బరు తోటలో చెట్లకు గాటుపెట్టి పాలు తీయడం ఆయన పని. మా నాన్నగారు ఆ తోటలోనే పుట్టి ఆ తోటలోనే గుమాస్తా అయ్యారు. నేను మూడవ తరం. మలయా తోటలకు సర్కారు సాయంతో కూలీలు వెళ్ళడాన్ని భారత ప్రభుత్వం 1938లో నిలిపివేసింది. ఆ తరువాత మా తాతగారి వైపు నుంచి కొత్తగా వచ్చినవారు లేరు. తెలుగు మాట్లాడే నోళ్ళు ఏటేటా తగ్గాయి. ఇంట్లో నేను విన్నది సగం తెలుగు, సగం తమిళం, మధ్యమధ్య మలాయ్. అక్షరాలు మాత్రం సాయంకాలపు బడిలో, పెట్రోమాక్సు దీపం కింద వచ్చాయి.

మా లైను ఇంటి ముందు వెదురు దడి ఉండేది. దాని మీద మా నాయనమ్మ ఒక తీగను ఎక్కించింది. దువ్వెన పళ్ళలాగా సన్నగా చీలిన ఆకులు. నిప్పుకణికల్లాంటి చిన్న ఎర్రని పూలు; ఒక్కొక్క పువ్వూ అయిదు కోణాల నక్షత్రం. తెల్లవారకముందే తోటలో హాజరు పిలుపు ఉండేది. ఆ పిలుపుకు వెళ్ళే ముందు నాయనమ్మ నాలుగు పూలు కోసి దేవుడి పటం ముందు పెట్టేది. కాయలు ఎండగానే గింజలు ఏరి మైలో డబ్బాలో వేసేది. ఆ తీగను ఆమె ఏమని పిలిచేదో నేను ఎన్నడూ అడగలేదు. ఆమె పోయిన ఏడు నాకు పదకొండేళ్ళు. ఆ తరువాత ఏడాదో రెండేళ్ళో గడిచాక సాయంకాలపు తరగతిలో మా మాస్టారు వాచకంలోని బొమ్మ చూపించి, “ఇది కాశీరత్నం” అన్నారు. పేరులోనే కాశీ ఉంది గనుక ఈ మొక్క గంగ ఒడ్డునుంచి మన ఆంధ్రదేశానికీ, అక్కడినుంచి నాయనమ్మ మూటలో మలయాకూ వచ్చిందని తీర్మానించుకున్నాను. అలాగే చాలా ఏళ్ళు నమ్మాను. ఉపాధ్యాయురాలినయ్యాక పిల్లలకు కూడా అదే చెప్పాను. అది తప్పు.

1989లో మేము అమెరికా వచ్చి ఇల్లినాయ్ రాష్ట్రంలో స్థిరపడ్డాము. మరుసటి వసంతంలో ఒక దుకాణంలో విత్తనాల పొట్లాలు తిరగేస్తుంటే నాయనమ్మ పువ్వు కనిపించింది. పైన సైప్రస్ వైన్ అని అచ్చువేసి ఉంది. పట్టణ గ్రంథాలయానికి వెళ్ళి పెద్ద పుస్తకం తీసి చూశాను. ఐపోమియా క్వామోక్లిట్, 1753లో లినేయస్ పెట్టిన పేరు. జన్మస్థలం మెక్సికో, మధ్య అమెరికా ఉష్ణప్రాంతాలు. కాశీ లేదు, గంగ లేదు. కొలంబస్ సముద్రం దాటక ముందు మన దేశంలో ఈ తీగను చూసినవారే లేరన్నమాట!

మరి మనకు ఎప్పుడు వచ్చింది? నౌకల మీద పోర్చుగీసువారితో వచ్చిన మిరపకాయ, అనాస, జీడిమామిడి వంటివాటి వెంటనే ఇదీ వచ్చి ఉండాలి. కొచ్చిలో డచ్చివారి అధికారిగా ఉన్న వాన్ రీడ్ మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాల గ్రంథం తయారుచేయించాడు. హోర్టస్ మలబారికస్ అనే ఆ గ్రంథం 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయింది. ఇట్టి అచ్యుతన్ అనే మలయాళ వైద్యుడు, మరికొందరు స్థానిక పండితులు చెప్పిన సంగతులు అందులో ఉన్నాయి. ఈ కాశీరత్నం బొమ్మ కూడా, మలయాళపు పేరుతో సహా, అందులో ఉంది. అనగా కొలంబస్ తరువాత రెండు వందల ఏళ్ళకే ఈ పరదేశి తీగ స్థానికుల నోటిలో స్థానికమైన పేరు సంపాదించుకుంది. అంత తొందరగా మన ఇంటిది అయిపోయింది! మన తెలుగు సీమలో మొక్కల పేర్లు శ్రద్ధగా వ్రాసుకున్నవాడు విలియం రాక్స్‌బర్గ్. 1780లలో కాకినాడ దగ్గర సామర్లకోటలో ఉండి, దేశవాళీ చిత్రకారుల చేత వందలాది బొమ్మలు గీయించాడు. వాటిలోనుంచి 300 పటాలను కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథంగా 1795 నుంచి 1820 వరకు లండన్‌లో వెలువరించారు. మొక్క పక్కన తెలుగు పేరు వ్రాసే అలవాటు ఆయనది.

ఇక్కడ ఆ తీగ చుట్టాలను గురించి చెప్పాలి. ఐపోమియా అనేది చాలా పెద్ద కుటుంబం, వందలాది జాతులు. మనం రోజూ ఎరిగినవే కొన్ని అందులో ఉన్నాయి. చిలగడదుంప, అనగా రాయలసీమవారి గెనుసుగడ్డ, ఈ కుటుంబానిదే. నవంబరులో థాంక్స్‌గివింగ్ భోజనంలో టర్కీ పక్కన వడ్డించేది అదే. ఈ దేశంలో అన్నిటికంటె ఎక్కువగా ఉత్తర కరోలినాలో పండుతుంది. ఎప్పుడైనా దుంప మొలకెత్తి పూస్తే చూడండి. ఆ లేత ఊదారంగు గరాటు పువ్వు అచ్చం మార్నింగ్ గ్లోరీయే. అదీ అమెరికాదే, యూరపువారి ఓడలు రాకముందే పసిఫిక్ ద్వీపాలకు చేరిన దుంప. తెలంగాణాలో చెరువు కట్టల మీద పెరిగే లొట్టపీసు ఈ కుటుంబమే. అదీ అమెరికా ఖండం సొత్తే. తూటికూర మాత్రం ఆసియా వైపుది. మలేషియాలో దానిని కంకుంగ్ అంటారు. వెల్లుల్లి, ఎండు రొయ్యల పేస్టు వేసి వేయించిన కంకుంగ్ నా చిన్ననాటి కూర. ఇక్కడ ఆ పాపం మొక్క కేంద్ర ప్రభుత్వపు హానికరమైన కలుపుల జాబితాలో ఉంది. అనుమతి పత్రం లేకుండా ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తరలించకూడదు. నీటి కాలువల్లో అల్లుకుపోయి ప్రవాహాన్ని ఆపుతుందని భయం. వాళ్ళ భయంలో న్యాయం ఉంది గాని నా నాలుక మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

సముద్రపుటొడ్డున మేకడెక్క ఆకారపు ఆకులతో ఇసుక మీద పాకే తీగ ఒకటి ఉంది. విశాఖ ఇసుకలో ఉన్నది అదే, పినాంగు ఇసుకలో ఉన్నది అదే, ఫ్లోరిడా ఇసుకలో ఉన్నదీ అదే. మలాయ్‌లో దానిని గుర్రపు గిట్ట అని పిలుస్తారు. దాని గింజలు ఉప్పునీటిలో నెలల తరబడి తేలి, ఏ ఒడ్డుకు కొట్టుకువస్తే అక్కడ మొలుస్తాయి. దానికి కంగాణీ అక్కరలేదు, టిక్కెట్టూ అక్కరలేదు.

ఇక తీగ గుణాలు. ఏ కర్రనో తాడునో పట్టుకుని పైకి పోయేటప్పుడు పైనుంచి చూస్తే ఇది గడియారపు ముల్లుకు ఎదురుగా చుట్టుకుంటుంది. మన లెక్కలో అప్రదక్షిణం. మీరు బలవంతంగా ప్రదక్షిణంగా చుట్టినా ఒప్పుకోదు. కొసను విడిపించుకుని మళ్ళీ తన దిక్కుకే తిరుగుతుంది. పిల్లలతో ఎన్నోసార్లు చేసి చూశాను. లేత కొస గాలిలో ఊరికే ఉండదు. రెండు మూడు గంటలకు ఒక చుట్టు చొప్పున వృత్తం గీస్తూ ఆధారం కోసం వెతుకుతూ ఉంటుంది. పువ్వులో అయిదు రేకులు అతుక్కుని ఒకే గరాటు అయ్యాయి. మొగ్గలో అది గొడుగు మడిచినట్టు మెలితిరిగి ఉంటుంది. ఒక పువ్వుకు ఒక్క పూటే ఆయుస్సు. మబ్బుపట్టిన చల్లని రోజున సాయంత్రం దాకా నిలుస్తుంది. వాడేటప్పుడు పువ్వులోనే ఇథిలీన్ అనే వాయువు పుడుతుంది. అరటిగెలలను ముగ్గబెట్టేది కూడా ఆ వాయువే.

హెవెన్లీ బ్లూ అనే నీలి రకం ఈ దేశంలో చాలా ప్రసిద్ధం. దాని మొగ్గ ఎరుపు కలిసిన ఊదాగా ఉంటుంది; విచ్చుకునేసరికి ఆకాశనీలం అవుతుంది. రంగు పదార్థం అదే, మారేది దాని చుట్టూ ఉన్న రసం. 1995లో జపాను శాస్త్రజ్ఞులు రేకుల కణాలలోని రసాన్ని సన్నని సూదిమొనలాంటి సాధనంతో కొలిచారు. ఆమ్లక్షారాలను కొలిచే పీహెచ్ లెక్కలో మొగ్గలో 6.6 ఉన్నది పువ్వులో 7.7 అయింది. క్షారం పెరగగానే ఎరుపు నీలమైంది. ఇది మన ఆడవాళ్ళకు కొత్త సంగతి కాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది గదా, ఆ విద్యే ఈ పువ్వు ప్రతి తెల్లవారుజామునా చేస్తూ ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ గింజలు పిల్లల నోటికి అందనీయకండి. హెవెన్లీ బ్లూతో సహా కొన్ని జాతుల గింజలలో మనసును చెదరగొట్టే విషపదార్థాలు ఉన్నాయి. మెక్సికోలో పూర్వపు పూజారులు వీటిని తమ క్రతువులలో వాడేవారు. ఎల్‌ఎస్‌డీని కనిపెట్టిన స్విస్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1960లో ఈ గింజలలో దాని దగ్గరి చుట్టాన్ని చూపించాడు. ఆ మందును తయారుచేసేది మొక్క కాదు, మొక్కతో కాపురం ఉండే ఒక బూజు. హెవెన్లీ బ్లూలో ఉండే ఆ బూజును మాత్రం ఎవరూ పట్టుకోలేకపోయారు. చివరకు వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని దానిని గుర్తించింది. 2025లో ఆ సంగతి లోకానికి తెలిసింది. విద్యార్థిని అని చదివినప్పుడు నా పంతులమ్మ గుండె ఎంత పొంగిందో చెప్పలేను.

జపానువారి సంగతి చెప్పకపోతే తీగ చరిత్ర పూర్తికాదు. చైనా నుంచి విరేచనాల మందుగా తెచ్చుకున్న గింజను వాళ్ళు పువ్వుగా పెంచుకున్నారు. 19వ శతాబ్దంలో చీలిన రేకులూ ముడుతల ఆకులూ గల వింత రకాల కోసం పోటీలు పడ్డారు. టోక్యోలో జూలై నెలలో ఈ పూలకు ప్రత్యేకమైన సంత జరుగుతుంది.

ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ ఇదే కుటుంబంలోని పర్పురియా అనే జాతిని తన గాజు ఇంట్లో పది తరాల పాటు పెంచాడు. ప్రతి తరంలోనూ కొన్ని పూలను తమ పుప్పొడితోనే ఫలింపజేశాడు, కొన్నిటిని వేరే మొక్క పుప్పొడితో. రెండు రకాల పిల్లమొక్కలనూ ఒకే కుండీలో ఎదురెదురుగా నాటి ఎత్తు కొలిచాడు. పది తరాల సగటు తీస్తే సంకరపు మొక్కలు 100 అంగుళాలైతే స్వంత పుప్పొడి మొక్కలు 77. అయితే ఆరవ తరంలో స్వంత పుప్పొడితో పుట్టిన ఒక మొక్క తన ప్రత్యర్థిని అర అంగుళంతో ఓడించింది. డార్విన్ ఆశ్చర్యపోయి దానికి హీరో అని పేరుపెట్టాడు. ఈ ఫలితాలను 1876లో పుస్తకంగా ప్రకటించాడు. ఆ పని వెనుక ఆయనకు సొంత దిగులు కూడా ఉంది. ఆయన పెళ్ళాడిన ఎమ్మా సాక్షాత్తు మేనమామ కూతురు. తెలుగు లెక్కలో అచ్చమైన మేనరికం! పిల్లల ఆరోగ్యం గురించి జీవితమంతా మథనపడ్డాడు. మా కోడలు ఒహాయో అమ్మాయి. ఈ 100, 77 సంగతి ఒకసారి భోజనాల దగ్గర చెబితే ఆమె పడిపడి నవ్వింది. తీగల లెక్క మనుషుల పెళ్ళిళ్ళకు పనికిరాదని మా వారు గంభీరంగా అన్నారు. నేనూ ఒప్పుకుంటాను గాని, ఆ పూట నవ్వు నాకు నచ్చింది.

అన్నిటికంటె నన్ను కదిలించిన సంగతి రబ్బరుది. మా తాతగారు గాటుపెట్టిన చెట్టు బ్రెజిల్‌ది. 1876లో హెన్రీ విక్హాం అక్కడినుంచి గింజలు లండన్ క్యూ తోటకు చేర్చాడు. మరుసటి ఏడు కొన్ని మొలకలు సింగపూరు వచ్చాయి. మలయా తోటలన్నీ అక్కడినుంచి పుట్టినవే. చెట్టు పాలను ఊరికే ఆరనిస్తే పెళుసుగా తయారవుతుంది. తోటలో మేము రేకు తొట్టిలో యాసిడ్ చుక్కలు వేసి గడ్డకట్టించేవాళ్ళం. ఆ వాసన నా ముక్కులో ఇప్పటికీ ఉంది. దానికి గట్టిదనం రావాలంటే గంధకంతో ఉడికించాలని 1839లో ఈ దేశపు చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడని బడిలో చెప్పుకున్నాం. అయితే మెక్సికోలో మూడువేల అయిదువందల ఏళ్ళ నాటి రబ్బరు బంతులు బురదలో దొరికాయి. గంధకం లేకుండా ఆ బంతులు ఎలా ఎగిరాయి? 1999లో ఎంఐటీ పరిశోధకులు జవాబు ప్రకటించారు. అక్కడి జనం వేరొక రబ్బరు చెట్టు పాలలో మార్నింగ్ గ్లోరీ కుటుంబపు తీగ ఒకదాన్ని నలిపి ఆ రసం కలిపేవారు. రాత్రిపూట పెద్ద తెల్లని పూలు పూసే తీగ అది. పావుగంటలోనే పాలు ముద్దకట్టి, సాగి, బంతై ఎగురుతాయి.

ఈ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. తోటలో తాతగారి చెట్టు, దడి మీద నాయనమ్మ తీగ. ఒకటి కంపెనీ తెచ్చినది, ఒకటి మూటలో వచ్చినది. రెండూ ఈ అమెరికా ఖండం నుంచే బయలుదేరాయి. ఎక్కడో విశాఖ జిల్లా మనుషుల చేతుల్లో, పేరాక్‌లో, ఒకే వాకిట్లో నిలిచాయి. ఆ ఇద్దరిలో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు అయోవా రాష్ట్రపు సంగతి. పర్పురియా జాతి కూడా మెక్సికో వైపుదే. పదిహేడవ శతాబ్దం నాటికి యూరపు తోటలకు చేరింది. జర్మనీలోని బవేరియా పల్లెల్లో కొన్ని తరాలు పెరిగింది. 19వ శతాబ్దం చివరలో ఆట్ అనే ఇంటిపేరుగల కుటుంబం ఒకటి ఆ గింజలను వెంటబెట్టుకుని అమెరికా వచ్చి, ఈశాన్య అయోవాలో సెయింట్ లూకస్ దగ్గర వ్యవసాయంలో దిగింది. సముద్రం రెండుసార్లు దాటి మళ్ళీ తన ఖండానికే, జర్మను తీగగా వచ్చిందన్నమాట. ఆ ఇంటి బాప్టిస్ట్ జాన్ ఆట్ ప్రతి ఏడూ దాన్ని వాకిట్లో పెంచేవాడు. ముదురు ఊదా పువ్వు, గొంతులో ఎర్రని నక్షత్రం. 1970ల మొదట్లో ఆయన మనుమరాలు డయాన్, ఆమె భర్త కెంట్ వీలీ, తాతగారి పక్కన తోటపని నేర్చుకున్నారు. ఆయన వారికి ఈ గింజలూ, తమ ఇంటి గులాబీరంగు టొమాటో గింజలూ ఇచ్చాడు. కొద్దికాలానికే ఆయన పోయాడు. ఆ గింజలు తమ చేతిలో తప్ప మరెక్కడా లేకపోవచ్చునని అప్పుడు వారికి తట్టింది.

వారు 1975లో పాత విత్తనాలు దాచుకున్నవాళ్ళ కోసం ఒక చిన్న ఉత్తరాల బృందం ప్రారంభించారు. అదే ఈనాటి సీడ్ సేవర్స్ ఎక్స్‌చేంజ్. 1986లో డెకోరా పట్టణం దగ్గర పొలం కొన్నారు. ఇప్పుడు ఆ సంస్థ దగ్గర ఇరవై వేలకు పైగా విత్తన రకాలు ఉన్నాయి. ఆ ఊదా పువ్వుకు డయాన్ పెట్టిన పేరు గ్రాండ్‌పా ఆట్స్, అనగా ఆట్ తాతగారిది. ఈ దేశమంతటా విత్తనాల పట్టికలలో ఆ పేరుతోనే దొరుకుతుంది. కొన్నేళ్ళ కిందట మేము డెకోరా వెళ్ళాం. అక్కడి పెద్ద కొట్టం గోడ మీద ఆ తీగ తాళ్ళు పట్టుకుని పైకప్పు దాకా పాకి ఉంది. మంచు ఇంకా ఆరలేదు. ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టలేను. చాలామంది ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం కొంచెం పక్కకు వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

ఎందుకంటే నా డబ్బా సంగతి గుర్తుకువచ్చింది. నేను అమెరికా బయలుదేరేటప్పుడు నాన్నగారు మైలో డబ్బాలోనుంచి గింజలు తీసి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. అప్పటికి తోట ముక్కలై అమ్ముడుపోయింది, లైన్లు పడగొట్టారు, దడి లేదు. ఆ గింజలు నాయనమ్మ తీగ సంతానమే; ఏటేటా విత్తి, ఏటేటా ఏరి, నాన్నగారు కాపాడినవి. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, ఇద్దరు పసిపిల్లలు. పొట్లం బేస్‌మెంట్‌లో ఒక పెట్టెలో పడింది. పదిహేడేళ్ళు పడి ఉంది. 2006లో నాన్నగారు పోయాక తీసి, సగం గింజలకు ఆకురాయితో గీత పెట్టి, సగం అలాగే, నానబెట్టి విత్తాను. ఈ జాతి గింజకు పెంకు గట్టిది, చాలా ఏళ్ళు బతకగలదని పుస్తకాలు చెబుతాయి. మా బేస్‌మెంట్ చెమ్మ పుస్తకాలు చదవలేదు. ఒక్కటీ మొలవలేదు. పొట్లం కట్టిన కాగితం తమిళ పత్రిక ముక్క. దాని మీద పేరు వ్రాసి లేదు, సంవత్సరం లేదు.

ఆ ఏడు దుకాణానికి వెళ్ళి సైప్రస్ వైన్ పొట్లం కొన్నాను. అవే ఆకులు, అవే నక్షత్రాలు. వర్జీనియాలో జెఫర్సన్ తన తోటలో పెంచిన తీగ కూడా ఇదే. హమ్మింగ్‌బర్డ్ వచ్చి ఎర్రని గొట్టంలో ముక్కు పెట్టి తాగుతుంది. ఈ పిట్ట పేరాక్‌లో లేదు. ఆ పువ్వును దేవుడు చేసింది ఈ పిట్ట కోసమేనని ఇక్కడికి వచ్చాకనే తెలిసింది. నాయనమ్మ దడి మీద అన్నేళ్ళు తన పిట్ట లేకుండానే పూసింది.

నా మనుమరాలు, ఎనిమిదేళ్ళది, “ఇది నాయనమ్మగారి నాయనమ్మ పువ్వేనా?” అని అడిగింది. నేను నిజం చెప్పాను. పువ్వు అదే, గింజ వేరు అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “నీ తెలుగు కూడా బడిదే గదా” అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. దానికీ శనివారాలు నేనే అక్షరాలు దిద్దిస్తున్నాను. కాశీరత్నం అని వ్రాయమంటే మూడుసార్లు దీర్ఘం మరిచింది.

ఉత్సవం నాటికి మా తోట గింజలు చిన్న పొట్లాలు కట్టి తెస్తున్నాను. కావలసినవారు పుస్తకాల బల్ల దగ్గర అడిగి తీసుకోండి. స్వదేశాన్నుంచి గింజలు పెట్టెలో వేసుకువచ్చే పని పెట్టుకోకండి. విమానాశ్రయంలో అనుమతి పత్రాలు అడుగుతారు. విత్తే పద్ధతి ఇది. మంచు భయం పోయాక, మా వైపైతే మే నెల మధ్యలో, గింజ పెంకు మీద ఆకురాయితో చిన్న గీత పెట్టి రాత్రంతా నీళ్ళలో నాననివ్వాలి. అర అంగుళం లోతున, బాగా ఎండ తగిలేచోట, తాడు కట్టిన దడి పక్కన నాటాలి. ఎరువు వేయవద్దు, బలమైన మట్టిలో ఆకులే తప్ప పూలు రావు. దక్షిణాది రాష్ట్రాలలో ఉన్నవారు కాయలు రాలకముందే ఏరాలి, లేకపోతే పక్కింటివారి పెరడు కూడా మీదే అవుతుంది. సెప్టెంబరు చివర కాయ గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు నల్లని గింజలు తీసి, వారం రోజులు నీడలో ఆరనిచ్చి, కాగితపు పొట్లంలో వేసి, బేస్‌మెంట్‌లో కాకుండా పొడిగా చల్లగా ఉండే అలమరలో పెట్టండి. పొట్లం మీద తీగ పేరూ, సంవత్సరమూ, ఎవరిచ్చారో వారి పేరూ తెలుగులో వ్రాయండి.